తెలివైన పిల్లలకి కావాల్సింది వచ్చే ఏడాది సిలబస్సేనా?

దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మా పిన్ని నన్నొక ప్రశ్న అడిగింది. వాళ్ల అబ్బాయి ఏడో తరగతి. లెక్కల్లో చురుకు. ఒక ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లు వాడి స్కూల్‌కి వచ్చి అరగంట టెస్టు పెట్టారట. వారం తర్వాత "మీ బాబు గిఫ్టెడ్ చైల్డ్" అని రంగుల సర్టిఫికెట్ ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. దాని వెనకే ఫోన్లు మొదలయ్యాయి. గిఫ్టెడ్ పిల్లల కోసం స్పెషల్ కోర్సు, మూడేళ్లు, ఇంట్లోనే కూర్చుని చదువుకోవచ్చు. పదో తరగతికి వచ్చేసరికి ఇంటర్ సిలబస్ సగం అయిపోతుందట. ఫీజు బాబాయి రెండు నెలల జీతం కంటే ఎక్కువ. ఈఎంఐ ఉందట, ఈ వారంలో కడితే డిస్కౌంట్ కూడా ఉందట.

"నువ్వు ఇవన్నీ చదివినదానివే కదమ్మా, నువ్వే చెప్పు. చేర్పించమంటావా, వద్దా?" అంది పిన్ని.

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. "ఆలోచించి చెప్తాలే పిన్నీ" అని తప్పించుకున్నాను. ఎందుకంటే అలాంటి కోర్సు నేనూ చేశాను. దాని గురించి నాకు కోపమూ ఉంది, ఇష్టమూ ఉంది. రెండూ పక్కన పెట్టి ఆలోచించడానికి నెల పట్టింది. ఆ నెల ఆలోచనే ఈ వ్యాసం.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాన్న ఒక ట్యాబ్లెట్ కొన్నారు. మెమరీ కార్డు నిండా వీడియోలు, వారానికి రెండు లైవ్ క్లాసులు, ఆదివారం టెస్టు, సోమవారం ర్యాంకు. మా స్కూల్లో ఆ కోర్సు తీసుకున్నవాళ్లం పదకొండు మందిమి. నిజం చెప్పాలంటే నాకు చాలా బాగుండేది. ఎనిమిదో తరగతి వాళ్లకి కూడా తెలియని సైన్ తీటా, కాస్ తీటా నాకు తెలుసు. చుట్టాలు వస్తే నాన్న "ఏదీ, ఆ ఫార్ములా చెప్పు" అనేవారు. నేను చెప్పేదాన్ని. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఈక్వల్స్ వన్. ఎందుకు వన్ అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అది మనకి అంతకుముందే తెలిసిన పైథాగరస్ సిద్ధాంతమే, వేరే చొక్కా వేసుకుని వచ్చిందని నాకు ఇంటర్‌లో అర్థమైంది.

ఇంటర్‌లో ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఒకసారి విన్న పాఠం మళ్లీ చెబుతుంటే "ఇది నాకొచ్చు" అనిపిస్తుంది. కాబట్టి సరిగ్గా వినం. తీరా పరీక్షలో అదే లెక్కని కొంచెం తిప్పి ఇస్తే చెయ్యి ఆడదు. అసలు రానిది రాకపోతే ఫర్వాలేదు, నేర్చుకోవచ్చు. వచ్చు అనుకున్నది రాకపోతే మాత్రం భయం వేస్తుంది. ఆ భయంతో రెండేళ్లు గడిపాను. ఐఐటీ రాలేదన్న బాధతో ఇది రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. కొంచెం ఉంది, అబద్ధం ఎందుకు. కానీ ఆ బాధ కోసం ఇన్ని పేజీలు రాయక్కర్లేదు.

అసలు గిఫ్టెడ్ అనే మాటే బూటకం, పిల్లలందరూ ఒకటే, ఈ కోర్సులన్నీ దోపిడీ అని రాసేస్తే పని తేలిక. చప్పట్లు కూడా వస్తాయి. కానీ అది నిజం కాదు. అరవై మంది ఉన్న క్లాసులో భిన్నాల పాఠం మొదటిరోజే అర్థమైపోయిన పిల్లవాడు మిగతా మూడు వారాలు ఏం చెయ్యాలి? కిటికీలోంచి బయటికి చూస్తాడు, పక్కవాడిని గిల్లుతాడు, తన్నులు తింటాడు. వాడికి వేరే ఏదో కావాలి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఆ "వేరే ఏదో" ఏమిటన్న దగ్గరే నాకు పేచీ.

ఈ విషయం గురించి చదువుతుంటే ఒక సంవత్సరం దగ్గర ఆగిపోయాను. 1971.

ఆ ఏడాది అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ లెక్కల్లో చురుకైన పిల్లల మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆయన చేసిన పని చాలా సింపుల్. అక్కడ కాలేజీలో చేరబోయే పిల్లలు, అంటే మన ఇంటర్ సెకండ్ ఇయర్ వయసువాళ్లు రాసే శాట్ పరీక్షని పన్నెండు, పదమూడేళ్ల పిల్లల చేత రాయించారు. ఎందుకంటే ఏడో తరగతి పేపర్ ఇస్తే చురుకైన పిల్లలందరికీ వందకి వందే వస్తుంది. ఎవరికి ఎంత లోతుందో తెలియదు. రెండు మూరల తాడుతో బావి లోతు కొలిచినట్టు ఉంటుంది. తాడు పొడవైతేనే తేడా తెలుస్తుంది. ఇప్పుడు ప్రపంచంలోని గొప్ప గణితవేత్తల్లో ఒకరైన టెరెన్స్ టావో ఎనిమిదేళ్ల వయసులో శాట్ లెక్కల్లో 800కి 760 తెచ్చుకున్నారు. స్టాన్లీ వాళ్లు చూసిన పిల్లల్లో ఆయన కూడా ఉన్నారు.

అయితే స్టాన్లీ అక్కడితో ఆగి సర్టిఫికెట్ ఇచ్చి పంపలేదు. అసలు పని ఆ తర్వాతే. ఈ పిల్లకి ఏం వచ్చు, ఏం రాదు అని విడివిడిగా పరీక్షించి, రానిది మాత్రమే నేర్పడం. వచ్చినదాన్ని మళ్లీ చెప్పకపోవడం. డాక్టర్ ముందు చూసి తర్వాత మందు రాసినట్టు. కొందరు పిల్లలు ఏడాది పాఠాన్ని కొన్ని వారాల్లో ముగించారు. కానీ ఆ వేగం ఆ పిల్లలది, కోర్సు వాళ్ల మీద రుద్దింది కాదు. ఆ పరిశోధనలోంచే 1979లో అదే యూనివర్సిటీలో ప్రతిభ గల పిల్లల కోసం ఒక సెంటర్ పుట్టింది. మొదట వేసవి క్లాసులు, తర్వాత తర్వాత ఆన్‌లైన్ కోర్సులు. ఈరోజు "గిఫ్టెడ్ పిల్లలకి ఆన్‌లైన్ కోర్సు" అన్న మాట వినిపిస్తే దాని తాతల్లో ఒకరు ఈయన.

అదే 1971లో మన దగ్గర కూడా ఒక మంచి పని జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలుపెట్టించారు. పల్లెటూళ్లలో చురుకైన పిల్లల్ని ఎంపిక చేసి, తిండీ వసతీ ఇచ్చి, మంచి టీచర్లతో చదివించడం దాని ఉద్దేశం. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఆయన కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న రోజుల్లో ఆరో తరగతి నుంచి చేర్చుకునే నవోదయ విద్యాలయాలు వచ్చాయి.

బాల్టిమోర్‌కీ సర్వేల్‌కీ ఏ సంబంధమూ లేదు. పద్ధతులు కూడా వేరు. కానీ ఇద్దరూ ముందు వెతికింది పిల్లని. ఫీజు కట్టే తండ్రిని కాదు. మా పిన్నికి ఫోన్ చేసినవాళ్లు ముందు అడిగింది ఏమిటో తెలుసా? "సార్ ఏం చేస్తారండీ?" అని.

మన దగ్గర అమ్ముడయ్యే చాలా కోర్సులు పేరు మాత్రం ఆ గిఫ్టెడ్ ప్రోగ్రాముల నుంచి తీసుకున్నాయి. లోపల ఉన్నది పాత ఫౌండేషన్ కోర్సే. తొమ్మిదో తరగతి పాఠం ఏడులో, ఇంటర్ పాఠం తొమ్మిదిలో. ఎవరికి ఏం వచ్చో చూడరు. అందరికీ ఒకే వీడియో, ఒకే వేగం. 2020 లాక్‌డౌన్‌లో ఇంకో రకం కూడా చూశాం. ఆరో తరగతి పిల్లవాడు కోడింగ్ నేర్చుకోకపోతే జీవితం అయిపోయినట్టే అన్నట్టు ప్రకటనలు. యాప్ రాసి కోట్లు సంపాదించిన పిల్లవాడి కథ ఒకటి తిరిగింది. తీరా చూస్తే అలాంటి పిల్లవాడే లేడు. ఫిర్యాదులు వచ్చి కొన్ని ప్రకటనలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నదానిగా చెప్తున్నాను, పన్నెండేళ్లకి కోడింగ్ రాకపోతే కొంపేమీ మునిగిపోదు. మా క్లాసులో మొదటి ప్రోగ్రాం ఫస్ట్ ఇయర్‌లో రాసినవాళ్లే ఎక్కువ. బాగానే ఉన్నాం.

ముందు పాఠాలకి పరిగెత్తడం తప్పని నేను ఒక్కదాన్నే అనట్లేదు. అమెరికాలో లెక్కలంటే ఇష్టమున్న పిల్లల కోసం ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ అనే సంస్థ 2003 నుంచి ఆన్‌లైన్ క్లాసులు నడుపుతోంది. దాన్ని పెట్టిన రిచర్డ్ రుస్‌చిక్ "కాలిక్యులస్ ట్రాప్" అని ఒక వ్యాసం రాశారు. ఆయన చెప్పేది స్థూలంగా ఇది. చురుకైన పిల్ల దొరికితే పెద్దవాళ్లు చేసే మొదటి పని తొందరగా కాలిక్యులస్ దాకా తోసెయ్యడం. కానీ ఆ సిలబస్ అలాంటి పిల్లల కోసం తయారు చేసింది కాదు. అందులో వేగంగా నడిపించడం కంటే, ఇప్పుడున్న పాఠంలోనే లోతైన లెక్కలు ఇవ్వడం మేలు. క్లాసులు అమ్మే మనిషే ఈ మాట అంటున్నాడంటే వినాలి కదా.

లోతు అంటే ఏమిటో ఒక లెక్కతో చెప్తాను. మీలో చాలామంది చూసే ఉంటారు.

ఒక హాస్టల్ వరండాలో వంద లైట్లున్నాయి. అన్నీ ఆర్పేసి ఉన్నాయి. వంద మంది పిల్లలు వరసగా వస్తారు. మొదటి పిల్ల అన్ని స్విచ్‌లూ నొక్కుతుంది. రెండో పిల్ల 2, 4, 6 ఇలా రెండేసి స్విచ్‌లు. మూడో పిల్ల 3, 6, 9 ఇలా. వెలుగుతున్నదాన్ని నొక్కితే ఆరిపోతుంది, ఆరినదాన్ని నొక్కితే వెలుగుతుంది. వందో పిల్ల వందో స్విచ్ ఒక్కటే నొక్కుతుంది. చివరికి ఏ లైట్లు వెలుగుతుంటాయి?

నాకు ఈ లెక్క ఫస్ట్ ఇయర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఎదురైంది. రెండు ఫర్ లూపులు రాశాను. రన్ కొట్టాను. 1, 4, 9, 16 అని వంద దాకా పది సంఖ్యలు వచ్చాయి. "ఓ, పర్ఫెక్ట్ స్క్వేర్స్" అనుకున్నాను. రికార్డులో రాసి సంతకం పెట్టించుకుని క్యాంటీన్‌కి వెళ్లిపోయాను. ఎందుకు స్క్వేర్సే అన్న ప్రశ్న నా బుర్రలోకి రాలేదు. గమ్మత్తేమిటంటే, ఒక సంఖ్యకి ఎన్ని ఫ్యాక్టర్లున్నాయో లెక్కపెట్టే ఫార్ములా నాకు ఏడో తరగతిలోనే వచ్చు. 36కి ఎన్ని ఫ్యాక్టర్లు అంటే పది సెకన్లలో తొమ్మిది అని చెప్పేదాన్ని. ఆ టెస్టులో నాకు ఫుల్ మార్కులు.

పోయిన సెమిస్టర్‌లో ఎన్ఎస్ఎస్ తరఫున మన కాలేజీ దగ్గరి ఊళ్లో జెడ్పీ హైస్కూల్‌కి వెళ్లాం. నాకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. ఏం చెప్పాలో తెలియక ఈ లైట్ల లెక్క బోర్డు మీద వేశాను. ఇరవై దాకా పిల్లలే చేసి 1, 4, 9, 16 అని పట్టుకున్నారు. "ఎందుకు?" అని అడిగాను. నిజానికి జవాబు నాకూ స్పష్టంగా తెలియదు, ఆ రాత్రి చూసుకుందాం అనుకున్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి చాలాసేపు ఏదో గీసుకుంటూ ఉంది. బెల్లు కొట్టే ముందు లేచింది.

"అక్కా, పన్నెండో లైటుని ఒకటో పిల్ల నొక్కితే పన్నెండో పిల్ల కూడా నొక్కుతుంది. రెండు నొక్కితే ఆరు నొక్కుతుంది. మూడు నొక్కితే నాలుగు. జతలు జతలుగా వస్తారక్కా. ఒకళ్లు వెలిగిస్తే జతవాళ్లు ఆర్పేస్తారు. ముప్ఫై ఆరుకి మాత్రం ఆరుకి జత ఆరే. ఆ పిల్ల ఒక్కతే. అందుకని వెలుగుతా ఉంటది."

నేను బోర్డు దగ్గరే నిలబడిపోయాను. నా రెండు ఫర్ లూపుల్లో లేనిది అదే.

ఆ అమ్మాయికి ఫార్ములా రాదు. ఆ కారణం మాత్రం తనే కనిపెట్టుకుంది. ఆ పిల్లకి ఏ కంపెనీ గిఫ్టెడ్ అని సర్టిఫికెట్ పంపదు. ఆ స్కూల్‌కి ఎవరూ టెస్టు పెట్టడానికి రారు. అక్కడ ఈఎంఐ కట్టగలిగినవాళ్లు లేరు కదా.

ఇది ఒక్క అమ్మాయి కథ, దీంతో ఏం తేలుతుంది అంటారా? సరే, పెద్ద లెక్కే చూద్దాం. అమెరికాలో ఫ్లోరిడాలో ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది. అక్కడ గిఫ్టెడ్ క్లాసులకి పిల్లల్ని పంపాలంటే టీచరో, తల్లిదండ్రులో పేరు చెప్పాలి. 2005లో ఆ పద్ధతి పక్కన పెట్టి, రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న స్క్రీనింగ్ టెస్టు పెట్టడం మొదలుపెట్టారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఇద్దరు ఎకనామిస్టులు దాని ఫలితాలు చూశారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు ఆ క్లాసుల్లోకి రావడం బాగా పెరిగింది. తెలివితేటలు కొత్తగా పుట్టుకురాలేదు. ఎప్పుడూ ఉన్నవే, ఎవరూ చూడలేదంతే. తర్వాత డబ్బుల ఇబ్బంది వచ్చి ఆ పరీక్ష ఆపేస్తే, పరిస్థితి మళ్లీ మొదటికే వచ్చింది. ఇందులో డేవిడ్ కార్డ్‌కి వేరే పనికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దగ్గర చూడండి. ఎన్‌టీఎస్‌ఈ పరీక్ష ఎంతోమంది పిల్లలకి మొదటి గుర్తింపు. అది 2021 నుంచి ఆగిపోయింది. ఎన్ఎంఎంఎస్ ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ల ఎనిమిదో తరగతి పిల్లలు తెలుగులో కూడా రాయొచ్చు. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. దేశం మొత్తం మీద ఏటా లక్ష స్కాలర్‌షిప్పులు. పేదింటి పిల్లలు మధ్యలో బడి మానకుండా ఉండటానికి ఆ డబ్బు చాలా అవసరం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక్కసారి ఆలోచించండి. లెక్కల్లో, ఆలోచనలో చురుకైన పేద పిల్లల లిస్టు ప్రభుత్వం దగ్గర ప్రతి ఏడాదీ తయారుగా ఉంటోంది. వాళ్లకి డబ్బు వెళ్తోంది. దాంతో పాటు వెళ్లాల్సిన క్లాసు మాత్రం ఆ పథకంలో లేదు. కంపెనీల దగ్గరేమో క్లాసు ఉంది, వాళ్ల లిస్టు మాత్రం ఫీజు కట్టగలవాళ్లది. 2020 జాతీయ విద్యావిధానంలో కూడా ప్రతిభ గల పిల్లల కోసం క్లబ్బులు, ఒలింపియాడ్లు, ఆన్‌లైన్ సముదాయాలు పెట్టాలని రాశారు. రాసింది బాగుంది. ఆ వెనక బెంచీ దాకా ఏదో ఒకటి చేరాలి.

చేరడానికి అడ్డం ఇంకోటి ఉంది, భాష. ఇది మన క్లబ్ పత్రిక కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

ఆ రోజు క్లాసులో నేను "ఫ్యాక్టర్స్" అంటే సగం మంది మొహం చూశారు. తెలుగులో ఏమంటారో నాకు తెలియదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒక అబ్బాయి "కారణాంకాలా అక్కా?" అన్నాడు. ప్రైమ్ నంబర్ అంటే ప్రధాన సంఖ్య అని, రిమైండర్ అంటే శేషం అని వాళ్లే నాకు చెప్పారు. వాళ్ల పాఠ్యపుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంది. పాఠం ఇంగ్లీషులో చదువుతారు, ఆలోచన మాత్రం తెలుగులో నడుస్తుంది. "ఒకళ్లు వెలిగిస్తే జతవాళ్లు ఆర్పేస్తారు" అన్న వాక్యాన్ని ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే లేచి ఉండేదే కాదు. నేను మన క్లబ్‌లో కవితలు రాస్తాను, తెలుగు అంటే ప్రాణం అంటాను. నా తెలుగులో ఒక లెక్క చెప్పడానికి మాటల్లేవు. సిగ్గేసింది.

ప్రపంచ గణిత ఒలింపియాడ్‌కి వెళ్లే పిల్లలు కావాలంటే ప్రశ్నపత్రం తమ భాషలో తీసుకుని, తమ భాషలోనే జవాబు రాయొచ్చు. అంత పెద్ద పోటీకే ఇంగ్లీష్ తప్పనిసరి కాదు. మన జేఈఈ మెయిన్ కూడా 2021 నుంచి తెలుగులో రాయొచ్చు. అంటే చివరి మెట్టు మీద తెలుగు ఉంది. మొదటి మెట్టు మీద, పన్నెండేళ్ల పిల్ల మంచి లెక్క కోసం చూసే చోట, తెలుగు దొరకడం కష్టం.

ఇంత చెప్పాక కూడా పిన్ని వైపు నుంచి ఒక గట్టి మాట ఉంది. "నువ్వు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి. లోతు, కారణం అంటూ కూర్చుంటే పక్కింటివాళ్ల పిల్లవాడు సిలబస్ పూర్తి చేసుకుని ముందుకెళ్లిపోతాడు. రేపు జేఈఈలో టైమ్ ఇస్తారా?" ఇది కాదనలేని భయం. పోటీ నిజం, టైమ్ నిజం, మూడు గంటల పేపరూ నిజం. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. వేగం పదహారేళ్లకి ప్రాక్టీసుతో వస్తుంది. మా బ్యాచ్‌లో ఇంటర్‌లో మొదలుపెట్టి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. రాని లెక్క ముందు గంటసేపు కూర్చోగలిగే ఓపిక మాత్రం చిన్నప్పుడు అలవాటు కాకపోతే తర్వాత చాలా కష్టం. ఇప్పటికీ నాకు ప్రోగ్రాం రన్ కాకపోతే పది నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదకి పోతుంది, జవాబు ఎక్కడైనా దొరుకుతుందేమో అని. ఆ అలవాటు నాకు ఏడో తరగతిలోనే మొదలైంది. ఆదివారం టెస్టులో ఒక్కో లెక్కకి ఒకటిన్నర నిమిషం. ఆ టైమ్‌లో రాకపోతే వదిలేసి ముందుకెళ్లడమే నేర్పారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చురుకైన పిల్లకి కావాల్సినవి మూడే. ఒక మంచి కష్టమైన లెక్క. దాని మీద కూర్చోవడానికి తొందర లేని టైమ్. తను రాసింది చదివి జవాబిచ్చే ఒక మనిషి. వచ్చే ఏడాది సిలబస్ ఈ మూడింటిలో లేదు. ఈ మూడింటికీ పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు.

ఆన్‌లైన్ మీద నాకు కోపం లేదని కూడా చెప్పాలి. ఒక ఊళ్లో అలాంటి పిల్ల ఒక్కతే ఉంటే, పక్క మండలంలో ఉన్న ఇంకో పిల్లతో కలపగలిగేది ఆన్‌లైనే. డల్లాస్‌లో ఉన్న మా అత్తయ్య వాళ్ల అమ్మాయి నేను ఇందాక చెప్పిన ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ క్లాసులకి వెళ్తుంది. ఒకసారి వీడియో కాల్‌లో తన స్క్రీన్ చూపించింది. క్లాసులో వీడియోనే లేదు! అంతా టైపింగ్. టీచర్ ఒక ప్రశ్న టైప్ చేస్తారు. పిల్లలు రాసింది ముందు టీచర్లకే కనిపిస్తుంది. అందులో మంచివి వాళ్లు క్లాసు అందరికీ చూపిస్తారు. ఎవరు ముందు చెప్పారన్న గోల లేదు, తప్పు రాస్తే నవ్వేవాళ్లు లేరు. చూడగానే నాకు అనిపించింది, ఇది మన ఊళ్లలో ఎంత బలహీనమైన సిగ్నల్ మీదైనా నడుస్తుంది కదా అని. తెలుగులోనూ నడుస్తుంది. ఆ క్లాసులకి డబ్బు కట్టాలి, ఇంగ్లీష్ రావాలి. కానీ ఆ పద్ధతి ఎవరైనా వాడుకోవచ్చు.

అందుకే మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. పెద్దదేం కాదు. ఆ జెడ్పీ హైస్కూల్ లెక్కల మేడంతో మాట్లాడాను, ఆవిడ సరే అన్నారు. ప్రతి ఆదివారం తెలుగులో ఒక్క లెక్క ఆవిడకి పంపుదాం. ఆవిడ సోమవారం బోర్డు మీద రాస్తారు. ఎనిమిదో తరగతి అందరికీ, చురుకైనవాళ్లకి మాత్రమే కాదు. వెనక బెంచీలో ఎవరున్నారో మనకేం తెలుసు? చాలా ఇళ్లలో ఫోన్ నాన్నతో పాటు రాత్రికే ఇంటికొస్తుంది కాబట్టి లైవ్ క్లాస్ వద్దు. పిల్లలు నోట్‌బుక్‌లో రాస్తారు, మేడం ఫోటోలు తీసి పంపుతారు. మనం ఒక్కో పేజీ చదివి జవాబు రాస్తాం. జవాబు అంటే సొల్యూషన్ కాదు, ఇంకో ప్రశ్న. "ఇక్కడిదాకా బాగుంది, మరి 16కి ఎందుకు అలా అయింది?" అన్నట్టు. ర్యాంకులు వద్దు. గిఫ్టెడ్ అన్న మాట అసలే వద్దు. ఇప్పటికి నలుగురం ఉన్నాం. పదిమంది అయితే వారానికి ఒక్కొక్కరికి నాలుగైదు పేజీలే వస్తాయి. ఒక సాయంత్రం పని. లెక్కల్ని తెలుగులో రాయడం రాదంటారా, నాకూ రాదు. వాళ్ల పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుందాం. సాహిత్యం క్లబ్‌కి లెక్కలెందుకు అంటారేమో. తెలుగులో ఆలోచించే పిల్లలకి తెలుగులో మంచి ప్రశ్న అందించడం సాహిత్యం పని కాకపోతే మరెవరి పని?

ఇక పిన్ని. నేను చేర్పించమనలేదు, వద్దనలేదు. డెమో క్లాసులో అడగమని నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. వాడికి ఇప్పటికే ఏం వచ్చో చూసి అక్కడి నుంచి మొదలుపెడతారా, లేక అందరికీ ఒకటో చాప్టరేనా? వారానికి ఎన్ని లెక్కలు ఇస్తారు, ఒక్కోదానికి ఎంత టైమ్? వాడు తప్పు రాస్తే అది ఎవరు చదువుతారు? మూడు నెలల తర్వాత మానేస్తే డబ్బు సంగతేమిటి?

పిన్ని నిజంగానే అడిగింది. మూడో ప్రశ్నకి అవతలి అమ్మాయి "సిస్టమ్ ఆటోమేటిగ్గా కరెక్షన్ చేసేస్తుంది మేడం" అందట. నాలుగో ప్రశ్నకి మేనేజర్ ఫోన్ చేస్తారందట. ఇంకా చెయ్యలేదు. పిన్ని కూడా ఇంకా ఏదీ తేల్చుకోలేదు. డిస్కౌంట్ గడువు మాత్రం మళ్లీ ఒక వారం పొడిగించారు.

ఈలోగా వాడికి లైట్ల లెక్క పంపాను. మొదటిరోజు "జవాబేంటక్కా" అని మూడుసార్లు మెసేజ్ పెట్టాడు. చెప్పలేదు. రెండు రోజులు అలిగాడు. నిన్న రాత్రి ఒక ఫోటో పంపాడు. పేజీ నిండా గళ్లు, కొట్టివేతలు. కింద ఇలా రాశాడు.

"25 దాకా చేశాను. ఏదో ఉంది అక్కా. చెప్పకు."